ధర్మయ్య దృష్టిలో అందరూ అనర్హులే

లోకంలో ఎవరూ సరైన పనిలో లేరని మా ధర్మయ్య గట్టి నమ్మకం. పెళ్ళిలో పురోహితుణ్ణి పట్టుకుని, “ఈ గొంతు రైల్వే స్టేషన్లో ఉండాల్సింది, ఇక్కడ వృథా చేస్తున్నారేం స్వామీ?” అన్నాడు. ఆయన మంత్రం మరిచిపోయాడు.

ఘాజియాబాద్‌లో లాంతరు చిమ్నీల ఫ్యాక్టరీలో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. ఇనప గొట్టం కొసన కరిగిన గాజు పట్టి నోటితో ఊదడమే మా పని. డెబ్భై తొమ్మిదిలో యజమానులు మా ఊపిరితిత్తులపై జాలిపడి ఊదే యంత్రం తెప్పించారు. కొబ్బరికాయ కొట్టారు, మాచేతే చప్పట్లు కొట్టించారు. యంత్రానికి ఒక్క మనిషి చాలని, మిగతావాళ్ళు వేరే దారి చూసుకోవాలని మాత్రం లడ్డూలు పంచాక చెప్పారు.

దిగాలుగా కూర్చున్న మా తోటి పనివాడు పెద్దిరాజు దగ్గరికి వెళ్ళాడు ధర్మయ్య.

“నువ్వూదిన చిమ్నీ ఒక్కటైనా నిటారుగా నిలబడిందట్రా? నీవి దర్జీ చేతులు.”

“ఇప్పుడా అన్నా చెప్పేది?”

“ఇప్పుడైనా చెప్పకపోతే గాజు నన్ను క్షమించదు.”

తర్వాత నావైపు తిరిగాడు. “నీకు ఊదడం కంటే వాగడం బాగా వచ్చు. కండక్టరుగా పో.”

ఒళ్ళు మండి నేను అతనితో మాటలు మానేశాను. పెద్దిరాజు పౌరుషంగా సరోజినీ నగర్ బజారుకి వెళ్ళి ఓ దర్జీ కొట్లో అడిగాడు. ఒక మిషను తోసేసిన మనిషిని ఇంకో మిషను కూర్చోమంది. అది చూసి నేనూ సిగ్గు విడిచి ఓ ప్రైవేటు బస్సుల యజమాని దగ్గరికి వెళ్ళాను.

“అచ్ఛా, ఎక్కువ మాట్లాడేది మీరేనా?” అన్నాడాయన నా పేరు వినగానే.

“ఎవరు చెప్పారు?”

“ధర్మయ్య జీ. యంత్రం వస్తోందని తెలిసినప్పటినుంచీ ఆదివారమైతే వచ్చి కూర్చునేవారు. మీకు పని ఇస్తానన్నాకే చాయ్ ముట్టారు.”

దర్జీ కొట్లోనూ ఇదే కథని తర్వాత తెలిసింది.

నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళాను. అప్పటికి యంత్రం దగ్గర మాతోపాటు గాజు ఊదిన ఆయాసం మనిషి లక్ష్మీపతి నిలబడి ఉన్నాడు. ఆ పని నిజానికి అందరికంటే సీనియరైన ధర్మయ్యకిచ్చారట. తనకి టేబుల్ ఫ్యాన్ వేయడం కూడా రాదని మేనేజరుకి చెప్పి తప్పుకున్నాడట.

“మరి నీ సంగతేమిటి?” అని గేటు దగ్గర కూర్చున్న ధర్మయ్యని అడిగాను.

“ఊళ్ళోవాళ్ళందరి సంగతీ చూసేసరికి అదొకటి మిగిలిపోయింది,” అన్నాడు, తలగోక్కుంటూ.

ఆ సంగతి నేను చూశాను. మా బస్సుల్లోనే టికెట్లు తనిఖీ చేసే పనిలో చేరాడు. టికెట్టు లేనివాణ్ణి ఇప్పటిదాకా ఒక్కణ్ణీ దింపలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం పని చేస్తున్నావని అడుగుతాడు.