రేకుల అంచులు కోసిన కత్తెర

రాయదుర్గంలో కల్యాణ మండపం వాళ్లు తమ భోజనాల హాల్లోని పద్నాలుగు రేకు బొమ్మల కింది అంచులు కోసేశారు. ఆ అంచుల మీద మనుషుల పేర్లు ఉండేవి. ఆ పేర్లు రాసిన మా మేస్త్రి చనిపోయి ఇరవై రోజులైంది. అంచులు కోసినందుకే పోయాడని నేను అనను. గుండె జబ్బు ఆయనకు ముందునుంచీ ఉంది. కానీ కోసిన సంగతి తెలిసి పోయాడు. ఆ మాట తలుచుకుంటే నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు.

నేను ఆయన దగ్గర ఐదేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ పని చేస్తున్నాను. అంతకు ముందు జీన్స్ ప్యాంట్లకు జిప్పులు కుట్టేదాన్ని. బడికి పోయింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా రేకుల మీద పేర్లు రాస్తూ నేర్చుకున్నదే.

ఒక పాత స్టూడియో మూతపడినప్పుడు మేస్త్రి పెట్టెడు గాజు నెగెటివులు కొన్నాడు. యాభై ఏళ్ల కిందటివి. గంజి కేంద్రం ముందు వరుస, శింగనమల చెరువులో పూడిక తీస్తున్న ఆడవాళ్లు, యాడికి దగ్గర కరువు పనిలో కంకర కొడుతున్న వాళ్లు. వాటిని అల్యూమినియం రేకుల మీద అచ్చు వేసేవాళ్లం. గోడకు పాత ఫొటోలు పెట్టుకోవడం అందమైపోయింది కదా, లాడ్జీల వాళ్లు, మండపాల వాళ్లు కొనేవాళ్లు.

రేకును ముందు ముగ్గుపిండితో తోమాలి. తోమాక దాని మీద వేలు పెడితే చేతి మీద ఒకటి పడేది. "అమ్మీ, నీ ఏలికుండే జిడ్డు నూరేండ్లు కనపడతాది" అనేవాడు. బొమ్మ దిగడానికి స్క్రీన్‌ను మిద్దె మీద ఎండకు పెట్టి, గడియారం చూడకుండా మిద్దె చుట్టూ పద్నాలుగు చుట్లు తిరిగేవాడు. కాళ్లు కాలుతున్నాయని నేను గొణిగితే, "మన జిల్లాకు దేవుడు ఎండొకటే కొసరేసి ఇచ్చినాడు. అది గూడా వద్దంటే ఎట్లా?" అనేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. అచ్చు వేసే ముందు కాగితం మీద నమూనా తీసుకుని, ఆ బొమ్మ ఏ ఊరిదో ఆ ఊరికి బస్సెక్కేవాడు. ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని "ఈయమ్మ ఎవురు? ఈ పిల్లోడు ఎవురు?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. చెప్పిన పేర్లు బొమ్మ కింద అచ్చు వేసేవాడు. ఎవరూ గుర్తుపట్టని మనిషికి కింద చోటు ఖాళీగా వదిలేవాడు. తర్వాత ఎప్పుడైనా పేరు తెలిస్తే సుత్తి, మేకు తీసుకుని మండపానికి పోయి, గోడకున్న రేకు మీదే చుక్కలు చుక్కలుగా పొడిచేవాడు. ఫ్లెక్సీలు వచ్చాయి, అవి చౌక అని నేనంటే, "దాని మీద మేకు దిగుతాదా?" అన్నాడు.

ఒకసారి శింగనమల వైపు నుంచి పెళ్లికి వచ్చిన ఒక అవ్వ, విస్తరి ముందు నుంచి లేచి నేరుగా మా అంగడికి వచ్చింది.

"ఏమప్పా, రేకు కింద పేర్లు రాసింది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"గంప ఎత్తుకోనుండేది నేను. దాని కింద మా తోడికోడలి పేరు రాసినావు. అది ఒక్కనాడు గంపెత్తింది లేదు. నా గంప గూడా దానికే ఇస్తివా?"

మేస్త్రి సుత్తి తీసుకుని ఆమె వెంట పోయాడు. తప్పు పేరు మీద ఒక గీత కొట్టి, పక్కన ఆమె పేరు పొడిచాడు. వేరే రేకు వేద్దామని నేనన్నాను. "తప్పూ కనపడాల, దిద్దిందీ కనపడాల. లేకుంటే నేను రాసిందంతా నిజమే అనుకుంటారు" అన్నాడు. అవ్వకు చదువు రాదు. చుక్కల మీద వేలు పెట్టి చివరిదాకా తడిమింది. "ఇంత పొడుగుంటాదా నా పేరు?" అంది.

మొన్న వేసవిలో మండపానికి సున్నం వేసి, బొమ్మలకు కొత్త చెక్క ఫ్రేములు తెచ్చారు. రేకులు పట్టలేదని కింద రెండంగుళాలు కత్తిరించారు. పైన ఆకాశం రెండంగుళాలు ఉంది, అది కోయలేదు. ఆ సంగతి మాకు ఈ మధ్యే తెలిసింది. నేను పోయి అడిగితే మేనేజరు, "పెండ్లికొచ్చినోళ్లు కూలోళ్ల పేర్లు చదువుకుంటా తినల్లా? బొమ్మలు బాగుండాయి, చాలు" అన్నాడు. మర్నాడు మేస్త్రి తానే పోయి వచ్చాడు. చెప్పులు విప్పకుండా బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమన్నారు అన్నా?"

"బొమ్మల్లో మనుషులు కావల్లంట అమ్మీ. వాళ్లెవురో అక్కర్లేదంట."

నాలుగో రోజు పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు.

ఆ పేర్లు వేరే చోట రాసి పెట్టుకోలేదా అని అడుగుతారు. మొదట అచ్చు వేసినవి మా దగ్గర ఉన్నాయి. తర్వాత మేకుతో పొడిచినవి ఆ అంచుల మీద తప్ప ఎక్కడా లేవు. చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు.

అంచులు ఎక్కడున్నాయో నేను వెతికి చూశాను. మండపం వెనక వంటల షెడ్డులో, పొయ్యి పక్క తడికెకు మంట తగలకుండా అడ్డంగా కొట్టారు. పద్నాలుగూ ఉన్నాయి. కొంగుతో మసి తుడిస్తే అవ్వ పేరు కనపడింది. ఇంకో నాలుగు పెళ్లిళ్లు జరిగితే కనపడదు.

మండపం యజమానిగారూ, ఈ పత్రిక మీరు చదువుతారని నాకు తెలుసు. మాకు డబ్బు వద్దు, క్షమాపణ కూడా వద్దు. ఆ పద్నాలుగు అంచులు ఊడదీసి ఇవ్వండి. వాటిని బొమ్మల కింద బిగించడానికి ఒక్క పూట హాలు తెరవండి. రివెట్లు మావే, పని నాది. ముహూర్తాలు మళ్లీ ఆదివారం మొదలవుతాయి, పొయ్యి వెలుగుతుంది. అందుకని శుక్రవారం సాయంత్రం ఆరు లోపల నాకు జవాబు కావాలి. మేనేజరుతో చెప్పి పంపొద్దు. అంగడికి వచ్చి, అవునో కాదో మీ నోటితో మీరే చెప్పండి.