మేస్త్రీ నిద్రపోయిన ఆదివారం

బేకరీ మేస్త్రీ పొద్దెక్కాక ఇంటికి వచ్చేవాడు. జుట్టులోనూ, కనుబొమల్లోనూ, చెవుల వెనకా పిండి. రాత్రంతా పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చిన మనిషి ఏదో కాస్త తిని కర్టెన్ లాగి పడుకున్నాడంటే, సాయంత్రం దాకా ఆ ఇంట్లో గిన్నెకు గిన్నె తగలకూడదు. కూతురు పిచ్చుకకు నడకతో పాటే మునివేళ్ల మీద నడవడమూ వచ్చేసింది. ఆకలేస్తే పొట్ట తట్టి చూపించేది. నాన్నంటే ఆ పిల్లకు తలుపు అవతల వినబడే గురక.

ఆ ఇల్లూ ఆ కర్టెనూ ఇప్పుడు లేవు. కానీ నదికి వెళ్దామని నాన్న తనంతట తానే అన్న రోజు పిచ్చుకకు ఇప్పటికీ గుర్తు. బాస్ అనే పెద్ద చేపలు గట్టు దగ్గరికి వచ్చే కాలం.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీతోనే ఉంటా. కునుకు తీస్తే అడుగు" అన్నాడు.

పిల్లకు చేప అక్కర్లేదు. మెలకువగా ఉన్న నాన్న ఒక్క రోజంతా కావాలి.

ఆదివారం అమ్మానాన్నలతో, మేనమామతో కలిసి వెళ్లింది. పిండి పిసికే వేళ్లతో తన వేళ్లు పట్టుకుని, గాలానికి ఎర గుచ్చడం నాన్నే నేర్పాడు.

"ఇది మింగగానే గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుందే పిచ్చుకా. దారం వదులైందా, గాలం ఊడిపోతుంది" అంటూనే ఆవలించాడు. మరోసారి ఆవలించాడు. ఎండ వెచ్చగా తగిలేసరికి గాలం కర్ర కూతురి చేతిలో పెట్టి, "ఒక్క నిమిషం" అని చాప మీద వాలాడు. గురక మొదలైంది.

పిచ్చుక ముఖం వాడిపోయింది.

"బావ పడుకున్నాడంటే నది కూడా చప్పుడు చెయ్యకుండా పారాలి" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"పోనీలేరా, ఒళ్లు హూనమైపోయింది ఆయనకి" అంది అమ్మ, అంతకన్నా మెల్లగా.

అప్పుడే కర్ర విల్లులా వంగింది.

ఇంకో కుటుంబమైతే వాళ్ల కేకలు అవతలి గట్టుకు వినిపించేవి. వీళ్లు నోరు మెదపలేదు. పిచ్చుక మడమలు మట్టిలో దించి కర్ర పట్టుకుంది. అమ్మ ఆమె నడుం పట్టుకుంది. మామ నీళ్లలోకి దిగి, చేపను పట్టే వల ఏదని చేతులతో అడిగాడు. అమ్మ గడ్డంతో చూపించింది. చుట్టిన వల మేస్త్రీ తలకింద దిండుగా ఉంది. మామ గట్టెక్కి వచ్చి రెండు వేళ్లతో లాగబోయాడు. మేస్త్రీ కదిలాడు. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చేప గాల్లోకి లేచింది, నోరంతా తెరిచి. పిచ్చుక నాన్న వైపు చూసింది. అమ్మ కళ్లతోనే వద్దంది.

"నాన్నా! లే నాన్నా!"

ఆ గొంతు తనదేనా అని ఆమే ఉలిక్కిపడింది.

"రొట్టెలు మాడిపోయాయా?" అంటూ లేచాడు మేస్త్రీ. కర్రను చూశాడు, వల తీసుకుని బట్టలతోనే నీళ్లలోకి ఉరికాడు. చేప మళ్లీ ఎగిరి తల విదిలించింది. దారం వదులైంది. అంతే, నీళ్ల మీద వలయాలు మిగిలాయి.

నిద్ర చెడితే ఆయన కోపం ఎలా ఉంటుందో అమ్మకు తెలుసు. పిల్లను దగ్గరికి లాక్కుంది.

"చేప పడి ఎంతసేపైంది?" నడుంలోతు నీళ్లలోంచి అడిగాడు.

"చాలాసేపైంది" అంది కూతురు.

"మరి నన్ను లేపలేదేం?"

"నిన్ను లేపకూడదుగా" అంది పిచ్చుక.

ఆయన గట్టెక్కి, చొక్కా పిండుకుని, చాప చుట్టేసి పక్కన పడేశాడు. కూతురి పక్కనే రాళ్ల మీద కూర్చున్నాడు.

"నేను పడుకున్నప్పుడు ఏమేం జరిగాయో చెప్పు."

"ఇవాళా?"

"ఇవాళొక్కటే కాదు. మొదట్నుంచీ."

పిచ్చుక తన మొదటి పన్ను ఊడిన రోజు నుంచి మొదలుపెట్టింది. ఎండ వాలేదాకా ఆయన ఎర్రటి కళ్లతో "ఊఁ, తర్వాత?" అంటూనే ఉన్నాడు.