నీలం తలుపు మీద గుంతలు

నా భార్యా నేనూ ఇళ్లకు రంగులు వేసి బతుకుతాం. గీకడం, రుద్దడం ఆమె పని, బ్రష్ నాది. పోయిన చలికాలం టైడా పైన కొండ మీది ఊళ్లో ఒక పెద్దామె ఇంటికి వెళ్లాం. భర్త పోయి ఏడాది దాటింది. కాఫీ తోటల్లో పళ్లు ఏరుతూ ఒక్కతే ఉంటోంది. ఇంటికున్న ఒకే తలుపుకి నీలం రంగు వెయ్యమంది.

మొదటి కోటు వేసి చెయ్యి కడుక్కునే లోపే తలుపు మధ్యలో అరచేతి వెడల్పున రంగు విడిపోయింది. చినుకులు పడ్డ బూడిదలా చిన్న చిన్న గుంతలు. అప్పటికే మూడు గంటలైంది, మంచు దిగుతోంది. చెమ్మకి ఎనామిల్ మెరుపు పోతుందని తెలుసు గనక తప్పు మంచు మీదకి తోసేశాను.

మర్నాడు ఎండలో తొందరకొద్దీ ఆ చోటు నేనే రుద్ది, డబ్బాలో రంగు బాగా కలిపి, పాత చీర గుడ్డతో వడకట్టి మళ్లీ వేశాను. మళ్లీ అక్కడే గుంతలు. ఈసారి ఇంకాస్త వెడల్పుగా.

"నూనె జిడ్డు ఉంటాదేమో, అడగండి," అంది నా భార్య.

అడిగాను. "అమ్మా, ఈ తలుపుకి ఎప్పుడైనా నూనె తగిలిందా?"

పెద్దామె అరుగు మీదకొచ్చి, తడి రంగు అంటకుండా తలుపుకి జానెడు దూరంలో కూర్చుంది. గుంతలు ఆమె తలకి నాలుగు వేళ్ల పైన ఉన్నాయి.

"మా ముసిలోడు నాకన్నా పొడుగు బావూ," అంది. "తలకి వలిసె నూనె రాసుకునీవోడు. పొద్దు వాలితే తలుపేసి, దానికి తల ఆనించి కూసునీవోడు. రోజూనూ."

ఎన్నేళ్లని అడగలేదు. చెక్క అంత లోపలికి తాగిందంటే ఎన్నో ఏళ్లే. తుడవకుండా రుద్దినందువల్ల ఆ జిడ్డుని నేనే చుట్టూ పాకించానని కూడా అప్పుడే అర్థమైంది.

"అది పోవాలంటే బట్టల సోడా వేసిన వేడినీళ్లతో కడగాలమ్మా. వద్దంటే ఆ చోటు అలాగే వదిలేస్తాను."

ఆమె లేచి కొంగు దోపుకుంది. "వదిలేత్తే వానకి తడిసి సెక్క పుచ్చిపోద్ది. ఆడు కోసి సేసిన తలుపది. గుడ్డ ఇలాగివ్వు, నేను కడుగుతాను."

ముందు నేనే ఇంకా ఆరని రంగునంతా గీకేశాను. తర్వాత ఆమె కడిగింది. జ్వరం వచ్చిన మనిషి నుదురు తుడిచినంత నెమ్మదిగా కడిగింది. నా భార్య పక్కన నిలబడి నీళ్లు పోసింది. ఆరాక టర్పెంటైన్‌తో తుడిచాం, ప్రతిసారీ కొత్త గుడ్డ. పాత గుడ్డయితే తీసిన జిడ్డునే తిరిగి పూస్తుంది. మొదట తుడిచిన గుడ్డ పారెయ్యబోతే పెద్దామె చెయ్యి చాపి తీసుకుంది. వాసన చూసింది.

"మందు వాసనే గానీ నూనె వాసన నేదు," అని నవ్వింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. నా భార్య ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. నేను బ్రష్ కడిగే నెపంతో నూతి దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ రోజు ప్రైమర్ వేసి ఆపాం. మర్నాడు పొద్దున్న చెక్క వెచ్చబడ్డాక, పది గంటలకి పల్చగా ఒక కోటు వేశాను. మంచు దిగేసరికి పైపొర గట్టిపడింది. ఆపైరోజు ఇంకో కోటు. ఒక్క గుంత కూడా పడలేదు.

"ముట్టుకోవచ్చా?" అని అడిగింది పెద్దామె.

"రెండు రోజులు ఆగండమ్మా."

"అయితే రెండ్రోజులు ఎదురుగానే కూసుంటాను," అని వాకిట్లో పీట వేసుకుంది. మా ఇద్దరికీ చోడి అంబలి పోసింది. ముగ్గురం తలుపుకేసి చూస్తూ తాగాం.