అక్క బీరువాకి పిడులు

ఆ వడ్రంగి అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ ఆయన ఛీఛీ మామయ్య. తాగే నీళ్ళ దగ్గర్నుంచి పక్కవాడి కొత్త చెప్పుల దాకా ఏది చూసినా ముందు ముక్కు ముడుచుకునేది, ఆ తర్వాతే నోరు తెరుచుకునేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అయినా మంచి చెక్క సామాను కావాలంటే అందరూ ఆయన గుమ్మమే తొక్కేవారు.

ఆయన అక్కకి కొంతకాలంగా వేళ్ళు బిగుసుకుపోయి, పిడికిలి సగమే ముడుచుకుంటోంది. పాత ఇనప బీరువా తలుపు ఆమె చేతికి లొంగదు. ఒంటికి లోపల వేసుకునే బట్ట కావాలన్నా కోడల్ని కేకేయాలి. కోడలు మంచిదే, విసుక్కోదు. కానీ రోజూ ఒకరిని పిలిచి లోపలి బట్ట తీసిపెట్టమనడం అక్కకి చచ్చేంత చిన్నతనంగా ఉంది.

"ఒరేయ్, నా అంతట నేను తెరుచుకునే బీరువా ఒకటి చేసిపెట్టరా. ఇంకేం అడగను నిన్ను," అంది తమ్ముడితో.

చెక్కపని అయ్యాక మామయ్య పిడుల కోసం సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. బల్ల మీద పరిచినవాటిలో ఒకదాన్ని గోటితో గీకితే పసుపు పూత కింద బూడిదరంగు రేకు పళ్ళికిలించింది.

"ఛీ! పైన పటారం, లోన లొటారం. ఇది అమ్మడానికి నీకు చేతులెలా వస్తున్నాయయ్యా?"

"మీ అక్కగారికేగా మామా? ఇదిగో, చెయ్యంతా దూరుతుంది," అంటూ కొట్టువాడు వెడల్పాటి స్టీలు పిడి తీశాడు.

మామయ్య దాన్ని చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు. "తీసుకెళ్ళి ఆస్పత్రి తలుపుకి పెట్టుకో. నా చెక్క మీద దాన్ని చూస్తే నాకు వాంతొస్తుంది."

చివరికి గోళీ అంతేసి ఇత్తడి బొడిపెలు రెండు ఎంచాడు. అచ్చమైన ఇత్తడి, వేలు పెడితే జారేంత నునుపు. తలుపు బందులకీ ఇత్తడి స్క్రూలే తీసుకున్నాడు. ఇత్తడి మెత్తన కాబట్టి గట్టి చెక్కలో నేరుగా తిప్పితే తల తెగుతుంది. అందుకని ముందు ఇనప స్క్రూ దించి దారి చేశాడు. దాన్ని తీసేసి, ఇత్తడిదానికి సబ్బు రాసి బిగించాడు. స్క్రూ తలల మీది గాట్లన్నీ ఒకే వైపు చూసేలా నిలబెట్టాడు. పని చూసి తనే మురిసిపోయాడు.

బీరువాని అక్క ఇంటికి చేర్చి, వారం తిరక్కుండా మళ్ళీ చూడబోయాడు. నేరుగా బీరువా దగ్గరికి నడిచాడు. మెరిసే బొడిపెకి మాసిన లంగా నాడా ముడేసి వేలాడుతోంది.

"ఛీ ఛీ! ఎవరమ్మా ఈ పీలిక కట్టింది?" అని కోడలి మీద విరుచుకుపడ్డాడు.

"దాన్నేం అనకు. నేనేరా, పళ్ళతో ముడేశాను," అంది అక్క. "నీ బొడిపె నా చేతికి దొరకట్లేదు."

మామయ్య కోడల్ని వదిలి బీరువా వైపు తిరిగాడు. నాడా విప్పి, తన వేళ్ళని అక్క వేళ్ళలా సగానికి ముడిచి బొడిపెని పట్టుకోబోయాడు. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ఈసారి రోత పుట్టింది తన మీదే. బీరువా అక్క కోసమన్నాడు, ఎంచిందేమో తన వేళ్ళతో, తన కళ్ళతో. ఎవరి కంపు వారికింపు.

తేలు కుట్టిన దొంగలా కొట్టుకి వెళ్ళి ఆ స్టీలు పిడులే తెచ్చాడు. ఒక్కోదానికి రెండేసి రంధ్రాలు కొత్తగా తొలిచాడు. మధ్యలో మిగిలిపోయిన బొడిపెల రంధ్రాలని అదే చెక్క ముక్కలతో పూడ్చాడు. ఎంత చిత్రిక పట్టినా మచ్చ కనబడుతూనే ఉంది. పని చేస్తున్నంతసేపూ ముఖం పక్కకి తిప్పుకునే ఉన్నాడు.

అక్క వంకరవేళ్ళు పిడిలో దూర్చి లాగింది. తలుపు వచ్చింది. ఎవర్నీ పిలవకుండా లోపలి బట్ట ఒకటి తీసుకుని తలుపు మూసింది.

"అసహ్యంగా ఉంది కదూ?" అన్నాడు మామయ్య.

"ఉందిరా," అంది అక్క, ఏమీ అక్కర్లేకపోయినా మళ్ళీ తలుపు తెరుస్తూ.