అక్కకు ఇవ్వడానికి నా లివర్‌ను బాగుచేసుకున్నాను

ఆ రోజు ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మా అక్క ఇంటికి వెళ్లేసరికి, చెప్పులు పాదాలకు పట్టక తంటాలు పడుతోంది. కాళ్లు వాచిపోయాయి. "ఎండలో తిరిగాను కదే, అందుకే" అంది. కళ్లు పచ్చబడి ఉండటం చూశాక నాకా మాట నమ్మబుద్ధి కాలేదు.

రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ అయ్యాయి. రిపోర్టులు చూసి డాక్టర్‌గారు, "ఆప్ డ్రింక్ కర్తీ హై?" అని అడిగారు. జన్మలో మందు ముట్టని అక్క బిక్కచచ్చిపోయింది. తాగకపోయినా వస్తుందని ఆయనే సర్దిచెప్పారు. ఏళ్ల తరబడి షుగర్, నడుము చుట్టూ కొవ్వు, ఫ్యాటీ లివర్. లివర్‌లో పేరుకున్న కొవ్వుతో ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే కణాలను తినేసే రసాయనాల ఒత్తిడి పెరిగి, లోలోపలే అవి దెబ్బతిన్నాయట. ఇప్పుడది సిరోసిస్, లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. ట్రాన్స్‌ప్లాంట్ తప్పదన్నారు.

బావగారి బ్లడ్ గ్రూప్ కలవలేదు. నాది కలిసింది. నా లివర్‌లో కొంత భాగం తీసి పెడితే చాలట, మిగిలింది మళ్లీ పెరుగుతుందట. "నేనిస్తాను" అన్నాను, పక్కింటివాళ్లకు గరిటెడు తోడు ఇచ్చినంత తేలిగ్గా.

నా సీటీ స్కాన్ వచ్చాక డాక్టర్‌గారు తల అడ్డంగా ఊపారు. "ఆప్‌కా లివర్ భీ ఫ్యాటీ హై. అభీ నహీ లే సక్తే." నా లివర్‌లోనూ కొవ్వుందట, ఇప్పుడే తీసుకోలేరట.

ఇరవై ఏళ్లుగా కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూస్తూ, సాయంత్రం కాగానే సమోసా, తీపి చాయ్. అక్క వెళ్లిన దారినే నేనూ నడుస్తున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడ్చాను. "టూ మంత్స్‌లో బరువు తగ్గించుకుని రండి. మీది మొదటి దశే, కోలుకుంటుంది" అన్నారాయన.

డైటీషియన్ చెప్పినట్టు అన్నం గుప్పెడుకు దించాను. చాయ్‌లో చక్కెర మానేశాను. ఢిల్లీ పక్కనే వైశాలిలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ చుట్టూ రోజూ నడిచాను. పొల్యూషన్ కమ్మేసిన రోజుల్లో మా బిల్డింగ్ మెట్లెక్కాను. వెనకాలే మా అమ్మాయి, "మమ్మీ, బస్ ఏక్ ఔర్ ఫ్లోర్!" అని ఇంకో అంతస్తుకు తరిమేది.

ఆరు వారాలకు మళ్లీ స్కాన్. తగ్గింది, కానీ చాలదన్నారు. అదే వారం అక్కను ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ చేశారు. నన్ను చూసి, "ఎవరమ్మా మీరు?" అంది. లివర్ వడకట్టలేని విషాలు మెదడుకు ఎక్కితే అలా అవుతుందట. ఆ సాయంత్రం ఏడవలేదు. ఎప్పటికంటే రెండు విడతలు ఎక్కువే మెట్లెక్కాను.

మందులతో అక్కకు తెలివి వచ్చింది. నెల తిరక్కుండా నా మూడో స్కాన్ చూసి డాక్టర్‌గారు నవ్వారు. "నౌ దిస్ ఈజ్ ఎ డోనర్ లివర్." ప్రమోషన్ ఆర్డర్ అందుకున్న రోజు కూడా నేనంత పొంగిపోలేదు.

ఆపరేషన్ తరువాత దగ్గినా, పక్కకు తిరిగినా ప్రాణం పోయినంత పనయ్యేది. ఐసీయూలో వీల్‌చెయిర్ మీద అక్క దగ్గరికి తీసుకెళ్లారు. నన్ను చూడగానే, "ఏమే పద్మా, బాగా నొప్పెడుతోందా?" అనడిగింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. నాకదే చాలు.

ఆపరేషన్ అయి ఇప్పటికి ఏడాదిన్నర. నా లివర్ మళ్లీ పెరిగింది. అక్క జీవితాంతం మందులు వాడాలి, జాగ్రత్తగా ఉండాలి. అయినా రోజూ ఆఫీసుకు వెళ్తోంది, పైవాళ్లతో మునుపటిలాగే వాదులాడుతోంది. అది వింటుంటే నాకు గర్వంగా ఉంటుంది.

మీ అల్ట్రాసౌండ్ రిపోర్టు అడుగున 'గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్' అని కనిపిస్తే, అందరికీ ఉండేదేలే అని బీరువాలో పెట్టేయకండి. ఆ కాగితంతో ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. బాగుపడే అవకాశం మనకు ఎక్కువగా ఉండేది ఆ మొదటి దశలోనే.