బావ చేతులు వణకలేదు

మొన్న వడ్డాదిలో బావ ఇంట్లో భోజనాలయ్యాక మేనకోడలు ఫోన్లో ఏదో విమానాల ఆట ఆడుతూ, ఒక్కసారి ఆడమని వాళ్ల నాన్నకి ఇవ్వబోయింది. బావ నవ్వి వద్దన్నాడు. "భయం మావయ్యా నాన్నకి! మద్రాసులో చేతులు వణికిపోయి ఓడిపోయేడంట కదా. ఊరంతా సెప్తారు," అంది ఆ పిల్ల నాతో. బావ తమలపాకు తొడిమ తుంచుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. ఊరంతా చెప్పే ఆ మాట మొదట చెప్పింది నేనని ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. ఆ మధ్యాహ్నం చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. తొంభైల్లో మా చోడవరం బస్టాండు వెనక ఒక వీడియో గేమ్ పార్లరు ఉండేది. పార్లరంటే ఒక రేకుల గది, రెండు టీవీలు, నాలుగు స్టూళ్లు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే గదంతా బెల్లం మాడిన వాసన. ఆట క్యాసెట్టు మొరాయిస్తే ఓనరు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊది, మళ్లీ దూర్చేవాడు. పెద్ద టీవీకి ఎడమవైపు జానెడు మేర బొమ్మ నల్లబడిపోయింది. ట్యూబు మార్చమంటే, "ఆట కావాలా, సినిమా కావాలా బాబూ మీకు?" అనేవాడు. ఎదురుగా కూర్చున్నవాడికి ఆ నలుపులో ఏమీ కనపడదు. పక్కకి వచ్చి బాగా వొంగి చూస్తే మాత్రం లీలగా తెలుస్తుంది. అందుకని ఒకడు ఆడుతుంటే ఇంకొకడు పక్కన వొంగి నిలబడి, అటునుంచి శత్రు విమానం రాగానే "ఎడం!" అని అరవాలి. అదీ మా పార్లరు పద్ధతి. బావకి అరిచేవాణ్ణి నేను. నాలుగేళ్లు అరిచాను.

విశాఖలో పేకాటకీ వీడియో గేములకీ కలిపి పెట్టిన పోటీల్లో బావ విమానాల ఆటలోనూ, నేను రమ్మీలోనూ నెగ్గి, మద్రాసులో జరిగే అంతర్జాతీయ పోటీలకి ఎంపికయ్యాం. బావకి కంప్యూటర్ కోర్సు చదవాలని ఆశ. బావ వాళ్ల నాన్నకి, అంటే మా మావయ్యకి, వడ్డాదిలో ఎరువుల కొట్టు. బయల్దేరే రోజు ఆయన ఒకే మాట అన్నాడు. "కప్పు అట్టుకొస్తే విశాఖ పంపిస్తాను, కంప్యూటరో ఏటో నేర్సుకో. లేదంటే కొట్లో కూకో. మరింక అడగొద్దు." బావ అదే వరం అనుకుని ఆయన కాళ్లకి దండం పెట్టాడు. అనకాపల్లిలో రైలెక్కాం.

మద్రాసులో పెద్ద హోటల్ హాలు. సింగపూరు, మలేషియా, శ్రీలంక నుంచి వచ్చిన ఆటగాళ్లు. రమ్మీలో నేను మొదటి రోజే పోయాను. సింగపూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నవ్వుతూనే నన్ను మూడాటల్లో ఊడ్చేసి, చివర్లో చేతిలో చాక్లెట్ పెట్టింది. బావ మాత్రం మూడో రోజు సెమీఫైనల్లో కూర్చున్నాడు. ఆటగాడి తాలూకు మనుషులు వెనకనుంచి ఒక్క మాట అందించినా అతన్ని తీసేస్తారని పొద్దున్నే ఇంగ్లీషులో చదివారు. దాన్ని బావకి తెలుగులో చెప్పింది నేనే. "అయితే నీ నోటికి గుడ్డ కట్టాల్రా," అని నవ్వాడు.

ఆ టీవీ కొత్తది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అద్దంలా ఉంది. బావ చాలా ముందున్నాడు. తాడు వెనక నిలబడ్డ నాకు ఎడమ అంచున విమానం ముక్కు కనిపించింది. నేను పక్కకి వొంగి ఉన్నానని అప్పటిదాకా నాకే తెలీదు.

"ఎడం బావా!"

జడ్జిగా కూర్చున్నావిడ చెయ్యెత్తింది. ఆట ఆపేశారు. నా దగ్గరకొచ్చి ఏమన్నావని అడిగింది. నిజం చెబితే కనికరిస్తుందనుకుని, "లెఫ్ట్, మేడమ్. హ్యాబిట్, మేడమ్," అన్నాను. రేకుల గది గురించి, నల్లబడ్డ టీవీ గురించి చెప్పడానికి నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లేదు. గాలిలో జానెడు కొలిచి చూపించాను, పక్కకి వొంగి చూపించాను. ఆవిడ నన్ను అర్థం చేసుకోవాలనే చూసింది పాపం. చివరికి తల అడ్డంగా ఊపింది. ఆరిపోయిన తెర ముందు బావ మీటలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ చేతులు నేను చూశాను. రాయిలా ఉన్నాయి.

తిరుగు రైల్లో నెల్లూరు దాటాక ఒక్కసారే మాట్లాడాడు. "నాకు కనపడిందిరా అది. అప్పటికే తిప్పేసేను."

ఇంటి గుమ్మంలోనే మావయ్య, "ఏటైందిరా?" అన్నాడు. బావ నోరు తెరిచాడు. నిజం చెప్పేస్తాడేమోనని నేను ముందు అందుకున్నాను. "బావకి చేతులు వణికిపోయేయి మావయ్యా. అంతమంది జనాన్ని ఎప్పుడు సూసేడు?" బావ చెప్పులు విప్పి, వాటిని గోడవారగా సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు కొట్లో కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాడు.

అమ్మడూ, మీ నాన్న చేతులు వణకలేదు. మద్రాసులో నా నోరు జారింది ఒక్క క్షణం. గుమ్మంలో ఆడిన అబద్ధం కూడా ఇంచుమించు అంతే. ఆ రెండు క్షణాలకీ ఎరువుల కొట్లో పాతికేళ్లు పైగా గడిపింది మాత్రం ఆయన.