ఖాళీ పేజీ

మా మావయ్యకు ఇంగ్లీషు మాటల మీద ఉన్న పట్టింపు ఇంట్లో మనుషుల మీద లేదని మా అత్తయ్య పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టిందట. కోర్టు ఎదుటి వీధిలో, మెట్ల కింది గదిలో ఆయన టైపు మిషను. చదువురానివాళ్లు తెలుగులో చెప్పుకుంటే ఇంగ్లీషులో అర్జీలు, వాంగ్మూలాలు కొట్టి ఇచ్చేవాడు. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే రెండో మిషను ముందు కూర్చున్నాను. మొదటి వారమే నా ప్రాణం తోడేశాడు.

"గొలుసు దొంగిలించారంటే ఏం కొడతావ్?"

"స్టోలెన్."

"కత్తి చూపించి మెడలోంచి లాక్కుపోతే?"

"అదీ దొంగతనమేగా మావయ్యా."

"నీ మొహం! తెలియకుండా తీస్తే స్టీల్. ఎదురుగా నిలబడి, బెదిరించి లాక్కుంటే రాబ్. ఒకదానికి బదులు ఇంకోటి కొట్టావంటే కేసే మారిపోతుంది."

అట్ట ఊడిన నోటుపుస్తకం నిండా ఇలాంటి జంటలే. హియర్ అంటే చెవిన పడటం, లిజన్ అంటే చెవి ఒగ్గి వినడం. ఒక్క పేజీలో మాత్రం పైన 'చూడటం' అని రాసి, కింద ఖాళీగా వదిలేశాడు. అడిగితే సిరా అయిపోయిందన్నాడు. తర్వాతి నలభై పేజీలకు సిరా ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

ఎవరైనా "నేను చూశానండీ" అంటే చాలు, ఆ కాగితం నా వైపు నెట్టేసేవాడు. తలుపు పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. పని మధ్యలో ఉన్నట్టుండి వేళ్లు ఆపేసి అటు చూసేవాడు.

"ఎవరొచ్చారు మావయ్యా?"

"ఎవరూ లేరు."

ఆ మాట నాతో అన్నట్టుండేది కాదు, కుర్చీతో అన్నట్టుండేది. పట్టపగలు, వీధి నిండా జనం ఉండగానే నాకు భయం వేసేది.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. కొట్టిన కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాలి. "నేను చెప్పింది ఇదే" అని వాళ్లు అన్నాకే వేలిముద్ర వేయించుకోవాలి. ఎంత రద్దీగా ఉన్నా మావయ్య దాన్ని తప్పేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ వచ్చి, నేను వద్దనేలోపే ఆ కుర్చీలో కూర్చుంది. ప్లాస్టిక్ కవరులోంచి మడతలు చిరిగిన కాగితం తీసింది.

"గోదాము వాచ్‌మన్ భార్యనండీ. ఆయన పోయి నెలయింది. ఇందులో ఏం చెప్పాడో ఒక్కసారి చదివి చెప్పండి."

మావయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. తొమ్మిదేళ్ల కిందట గోదాము పైకప్పు మీంచి ఒక కూలీ పడి చనిపోయాడని, విచారణలో వాచ్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారని ఆవిడే చెప్పింది.

"ఆ చావు మా ఆయన వల్లేనని వీధంతా అన్నారండీ. ఆయనది ఒకటే మాట. 'నేను చెప్పింది కాగితం మీదుంది. రాసినాయన చదివి వినిపించాడు, చెప్పింది చెప్పినట్టే ఉంది. పోయి చూసుకోండి' అని. పోయేదాకా ఇది దిండు కిందే పెట్టుకున్నాడు."

నేను తొంగి చూశాను. కూలీ పడటం గురించిన చోట 'వాచ్డ్' అని ఉంది. 'చూశాను' అని చదివేసి ఆవిణ్ణి పంపేయొచ్చు. అలాగే చేస్తే బాగుండునని నాకూ అనిపించింది, దాచడమెందుకు. మావయ్య పెదవులు కదిలాయి, ఆగాయి.

"అమ్మా, తప్పు నాది. కంటపడితే 'సా' అనాలి. అదే పనిగా చూస్తూ ఉంటే వాచ్డ్. నీ భర్త గేటు దగ్గర తల తిప్పేసరికి ఆ మనిషి పడిపోతూ కంటపడ్డాడు. నేనేమో చూస్తూ నిలబడ్డాడని కొట్టాను. అంతసేపు చూస్తూ కేక ఎందుకు పెట్టలేదని విచారణవాళ్లు పట్టుకున్నారు."

"మరి చదివి వినిపించారు కదండీ?"

"కాగితం చదవలేదమ్మా. ఈ కుర్చీలోనే కూర్చుని అతనన్న మాట గుర్తుంది కదా అని, దాన్నే అతనికి తిరిగి చెప్పాను."

"మీకెప్పుడు తెలిసింది?"

"అతన్ని తీసేసిన వారానికే, కార్బన్ కాపీ చూసుకుంటుంటే. చెప్పడానికి నోరు రాలేదు."

వారానికే! ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్లనూ, ఇప్పుడు నన్నూ మాట మాటకీ సరిదిద్దుతున్న మనిషి. ఆవిడ మాత్రం మిషను వైపు చూసి, "మళ్లీ కొట్టండి" అంది.

తప్పు తనదేనని, వాచ్‌మన్ చెప్పింది వేరని మావయ్య తన పేరు మీదే వాంగ్మూలం కొట్టాడు. ఎప్పుడూ తప్పు పోని వేళ్లు మూడుసార్లు తప్పు పోయాయి. మూడు కాగితాలు చించి, నాలుగోదాని మీద సంతకం పెట్టాడు. తర్వాత అలవాటు కొద్దీ తెలుగులో చదవడం మొదలుపెట్టాడు. మొత్తం చదివాడు. చివర, "నువ్వు అడిగింది ఇదే కదమ్మా?" అన్నాడు.

ఆవిడ ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని నా ముందు పెట్టింది.

"నువ్వు చదువమ్మా. అప్పుడూ ఈయన బాగానే చదివారట."